ఎవరూ చూడని గీతలు

మా ఆయన ఉద్యోగం మానేసి కరెన్సీ మార్కెట్లో కూర్చున్నప్పటి నుంచి మా ఇంట్లో పొద్దున్నే ముందు వెలిగేది కంప్యూటర్. ఆ తర్వాతే పొయ్యి. బట్టలారేసుకునే బాల్కనీకి అద్దాలు బిగించి దానికి ఆఫీసని పేరు పెట్టాడు. అప్పటి నుంచి మా బట్టలు పడగ్గదిలో కుర్చీల వీపుల మీద ఆరుతున్నాయి. ఎవరైనా ఫోన్ చేస్తే "ఆయన ఆఫీసులో ఉన్నారండీ" అని చెప్పాలి. ఆ ఆఫీసులో ఆయన తుమ్మితే నాకు వంటింట్లో వినపడుతుంది. ఎదురుగా "మీరు, ఏమండీ" అంటాను గానీ, మనసులో ఆయనకి మర్యాద ఇవ్వడం మానేసి చాలా కాలమైంది. ఇక్కడ మనసులో ఉన్నట్టే చెప్తున్నాను.

ఆ ఆఫీసు గోడకి ఒక తెల్లబోర్డు ఉంది. పొద్దున్నే దాని మీద గీతలు గీసి పక్కన అంకెలు వేయడం నా పని. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. నిన్న ధర ఎంత పైకి పోయింది, ఎంత కిందికి దిగింది, రోజు ముగిసేసరికి ఎక్కడ నిలబడింది, ఈ మూడూ కూడి మూడుతో భాగిస్తే వచ్చేది పీవట్. దాన్ని రెట్టింపు చేసి నిన్నటి కింది ధర తీసేస్తే పైన ఒక గీత వస్తుంది, పై ధర తీసేస్తే కింద ఒక గీత వస్తుంది. పై గీతని రెసిస్టెన్స్ అంటారు, కింది గీతని సపోర్ట్ అంటారు. వాటికి ఆవల ఇంకో జత గీతలు. ధర కింది గీత దాకా దిగితే కొనాలి, పై గీత దాకా ఎక్కితే అమ్మాలి. బడి పిల్లకి చెప్తే బలపం పట్టుకుని వేసేస్తుంది.

ఈ లెక్క కంప్యూటరే వేసి చూపిస్తుంది కదా అని మొదట్లో అన్నాను. మా ఆయన నన్ను జాలిగా చూశాడు.

"ఆడేవాడు గీత గియ్యకూడదు. గీస్తే చెయ్యి తనకి కావాల్సిన చోటికి పోతుంది. మిషన్ గీస్తే కంటికి కనపడుతుంది గానీ బుర్రకెక్కదు. నువ్వు గియ్యి, నేను ఆడతాను. నీకు మార్కెట్ గురించి ఏమీ తెలీదు కాబట్టి నీ గీత శుద్ధంగా ఉంటుంది."

అలా నా తెలివితక్కువతనానికి ఇంట్లో ఒక ఉద్యోగం దొరికింది. టీ పెట్టి, గీతలు గీసి, కళ్ళజోళ్ళ షాపుకి పరుగెత్తేదాన్ని. మా ఇంటి అద్దె, పాలు, కరెంటు, ఆ ఆఫీసు ఇంటర్నెట్ అన్నీ ఆ కళ్ళజోళ్ళ షాపు జీతంలోంచే నడుస్తున్నాయి.

గీత దగ్గర ధర ఎందుకు ఆగుతుందో మా ఆయన చెప్పని మనిషి లేడు. "లోకంలో పెద్ద పెద్ద బ్యాంకులవాళ్ళందరూ పొద్దున్నే ఇదే లెక్క వేస్తారు. అందరికీ ఒకే గీత వస్తుంది. అందరూ ఆ గీత దగ్గరే కాచుక్కూర్చుంటారు. అందుకే అక్కడ ఆగుతుంది. అంత మంది చూస్తున్న గీత అది!" ఈ ముక్క నేను నిద్రలో కూడా అప్పజెప్పగలను.

ఇక ఆ గీత ఎప్పుడూ తప్పడానికి వీల్లేదు. ధర గీత దాకా వచ్చి వెనక్కి తిరిగితే "చూశావా, గౌరవించింది" అంటాడు. దాటిపోతే "విరగ్గొట్టింది, దమ్ముంది" అంటాడు. అక్కడక్కడే ఊగిసలాడితే "ఆలోచిస్తోంది" అంటాడు. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఎప్పుడు ఆలోచిస్తున్నానో, ఎప్పుడు విరిగిపోయానో ఆయనకి తెలియలేదు గానీ, ధర మనసు మాత్రం అరచేతిలో పెట్టుకున్నట్టే చెప్పేవాడు.

ఇదంతా మా ఇద్దరితో ఆగిపోయి ఉంటే నేను పళ్ళు నూరుకుంటూనే బతికేసేదాన్ని. నా తమ్ముడు మధ్యలోకొచ్చాడు.

వాడు నాకంటే బాగా చిన్నవాడు. అమ్మ పోయాక బూటు లేసు కట్టుకోవడం దగ్గర్నుంచి వాడికి అన్నీ నేనే నేర్పాను. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్. లిఫ్ట్ ఎక్కగానే అందరూ అద్దంలో మొహం చూసుకుంటారు, వాడు చెవి ఒగ్గి వింటాడు. "తాడు తెగుతుందని భయపడతారక్కా జనం. తాడు కాదు, బ్రేకు చూసుకోవాలి. బ్రేకు పడితే తాడు తెగినా మనిషి బతుకుతాడు" అనేవాడు. అంత నెమ్మదైన మనిషి. పని చేతకానివాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. వాడికి పనంటే ప్రాణం.

కానీ ఆ పనిలో వాణ్ణి మనిషిగా చూసేవాళ్ళు లేరు. లిఫ్ట్ ఆగిపోయిందంటే పది అంతస్తులవాళ్ళూ వాడి మీదే పడతారు. బాగుచేసి ఇస్తే థాంక్స్ చెప్పకుండా లోపలికెక్కి మీట నొక్కేస్తారు. "ఏయ్ లిఫ్టూ" అని పిలుస్తారట. మా ఇంటికొస్తే మాత్రం మా ఆయన తన పక్క కుర్చీ లాగి, "రావోయ్ పార్ట్‌నర్, కూర్చో" అనేవాడు. వాడి భాషలోనే చెప్పేవాడు. "పీవట్ అంటే గ్రౌండ్ ఫ్లోరనుకో. పైన మొదటి అంతస్తు, రెండో అంతస్తు. కింద సెల్లార్లు. ధర అంటే నీ లిఫ్టే. ఎక్కడో మధ్యలో తలుపు తెరుచుకోదు కదా? అంతస్తు దగ్గరే ఆగుతుంది. నీకంటే బాగా ఇది ఎవరికి అర్థమవుతుంది చెప్పు!"

వాడి కళ్ళు మెరిసేవి. పుట్టి బుద్ధెరిగాక వాడి పని గురించి అంత గొప్పగా మాట్లాడిన మొదటి మనిషి వాళ్ళ బావే. నాకు ఒళ్ళు మండేది. నేనే ఆ మాట ముందు వాడితో అని ఉండాల్సిందని కూడా అనిపించేది.

ఒకరోజు మధ్యాహ్నం మా మరదలు షాపుకొచ్చింది. పసిపిల్లల క్రెష్‌లో పనిచేస్తుంది, భుజం మీద ఎప్పుడూ ఎవరో ఒక బిడ్డ కక్కిన పాల మరక ఉంటుంది. కౌంటర్ పక్కన నిలబడి ఫ్రేములు చూస్తున్నట్టు నటిస్తూ చెప్పింది.

"వదినా, మీ తమ్ముడు రాజీనామా రాసి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. చొక్కా మార్చినప్పుడల్లా ఈ జేబులోంచి ఆ జేబులోకి మారుస్తున్నాడు. కంపెనీలో సూపర్‌వైజర్ పోస్టు ఇస్తామన్నారు, దానికీ జవాబు చెప్పట్లేదు. వాళ్ళ బావగారితో కూర్చుంటాడట. నా మాటలు చెవికెక్కట్లేదు. మీరు ఒక్క మాట చెప్తే వింటాడు."

"నేను చెప్తే వింటాడనేనా నీ నమ్మకం?"

"మీరు చెప్తే మంచినీళ్ళు కూడా మానేస్తాడు."

వెనక చీకటి గదిలో మా షాపులో కళ్ళు పరీక్ష చేసే పెద్దాయన ఎవరినో కూర్చోబెట్టి అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా? ఇప్పుడో?" అని అడుగుతున్నాడు. ఆయన ఒక్కోసారి తీసిన అద్దమే మళ్ళీ పెట్టి "ఇప్పుడో?" అంటాడు. "ఆఁ, ఇప్పుడు చాలా బాగుందండీ" అంటారు నూటికి తొంభై మంది. ఆయన నవ్వడు. రాసుకుంటాడు అంతే. మరదలికి సరేనని చెప్పి పంపించాను గానీ, తమ్ముడికి ఏం చెప్పాలో నాకు తెలియదు. వద్దురా అంటే ఎందుకక్కా అంటాడు. నా దగ్గర కోపం ఉంది గానీ కారణం లేదు.

కారణం వాడే తెచ్చిచ్చాడు. బావలాగే ఆడించే ఇంకో కంపెనీలో తన పేరు మీద, ఉత్తుత్తి డబ్బుతో ఆడే ఖాతా ఒకటి తెరుచుకుని, ఫోన్ నా చేతిలో పెట్టాడు. "అక్కా, నాక్కూడా రోజూ గీతలు వేసి పెట్టవా? బావకి వేసినట్టే." వేశాను. బావ బోర్డు మీది అంకెలూ వీడి అంకెలూ కలవలేదు. నా కూడికే తప్పనుకుని మళ్ళీ వేశాను. ఈసారీ కలవలేదు. తీరా చూస్తే రెండు తెరల మీదా నిన్నటి రోజే వేరుగా ఉంది. పై ధర, కింది ధర, ముగింపు ధర, మూడూ వేరు.

మర్నాడు షాపులోంచి, మా ఆయన ఖాతా ఉన్న కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి తీసింది. నా గోడంతా విని, ఎంతో మర్యాదగా చెప్పింది.

"మా సర్వర్ గడియారం మారింది మేడం. చలికాలం మొదట్లోనే మార్చాం. అందరికీ మెయిల్ పెట్టాం."

అప్పుడు అర్థమైంది నాకు. శని, ఆదివారాలు తప్ప ఈ మార్కెట్ పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది. ఆగకుండా నడిచేదానికి 'నిన్న' ఎక్కడ అయిపోయిందో ఎవరో ఒకరు చెప్పాలి. దేశదేశాల పెద్ద మార్కెట్లలో ఆఖరుది మూసేసే వేళనే అందరూ రోజు ముగింపని పెట్టుకున్నారు. మా ఆయన కంపెనీ తన రోజుని దానికి ఎంతో ముందే ముగించేస్తోంది. ఆ ముక్కలైన రోజులోంచి నేను అంకెలు తీసి గీతలు గీస్తున్నాను.

"మరి ఏది కరెక్టమ్మా?" అన్నాను.

"రెండూ కరెక్టే మేడం. ఎవరి రోజు వాళ్ళది. కాకపోతే ఎక్కువమంది చూసేది మాత్రం పాత లెక్కే."

ఇంటికొచ్చి చూస్తే మెయిల్ ఉంది. తెరవలేదు. లోకంలో బ్యాంకులన్నిటి మనసూ చదివే మనిషి తన పేరున వచ్చిన ఉత్తరం చదువుకోలేదు. మా ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఇంకో పని కూడా చేశాను. ఆయన ఆడిన ఆటలన్నీ కంపెనీ తెర మీద వరసగా ఉంటాయి. గడియారం మారక ముందు చూశాను. సగం గెలుపు, సగం ఓటమి. మారాక చూశాను. సగం గెలుపు, సగం ఓటమి. కంపెనీవాడు ప్రతి ఆటకీ తీసుకునే కమీషన్ మాత్రం ఎక్కడా సగం లేదు.

నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. నా తమ్ముడు బయటపడ్డాడనుకున్నాను.

ఆదివారం భోజనానికి వాణ్ణి రమ్మన్నాను. మరదలు కావాలనే రాలేదు. "నేనుంటే నా కోసం చెప్తున్నారనుకుంటాడు వదినా, మీరే మాట్లాడండి" అంది. ఆదివారం మార్కెట్ ఉండదు. ఆరోజు మా ఆయన మొహం షట్టర్ దించేసిన కొట్టులా ఉంటుంది. తమ్ముడు తలొంచుకుని తిన్నాడు. ఏదో నలుగుతోంది లోపల. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"బావా, నీతో ఒక మాట చెప్పాలి."

"ఉండరా," అన్నాను. "ముందు నా మాట విను. తర్వాత నీ ఇష్టం."

చెప్పాను. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. రెండు కంపెనీల అంకెలు, మారిన గడియారం, తెరవని మెయిల్. మా ఆయన లేచి ఆఫీసులోకెళ్ళాడు. మెయిల్ తెరిచి చదువుకున్నట్టున్నాడు, వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. అంతటి మనిషిని అలా చూస్తే జాలేసింది. దాచడం ఎందుకు, సంతోషం కూడా వేసింది.

"మీ బావ నీకేం చెప్పాడు?" అన్నాను తమ్ముడితో. "అందరూ చూసే గీత కాబట్టే ధర ఆగుతుందని కదా? చలికాలం నుంచీ మీ బావ చూస్తున్న గీత ఈ భూమ్మీద ఇంకెవ్వరూ చూడట్లేదు. మన బాల్కనీలో బోర్డు మీద తప్ప అది ఎక్కడా లేదు. అయినా అప్పుడెంత గెలిచాడో ఇప్పుడూ అంతే. సరైన గీతలకీ సగమే, తప్పు గీతలకీ సగమే. నాణెం ఎగరేసినా సగం వస్తుంది. దీనికి అర్థమేంటో నువ్వే చెప్పు."

వాడు లిఫ్ట్ ఎక్కినప్పుడు వింటాడే, అలా విన్నాడు. మా ఆయన వాడి మొహమే చూస్తున్నాడు.

"అంటే... గీతల్లో ఏమీ లేదన్నమాట," అన్నాడు తమ్ముడు మెల్లగా.

"అదేరా నేను చెప్పేది!"

"ఉన్నదంతా బావలోనే ఉంది."

నాకు వెంటనే ఎక్కలేదు. వాడి మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఆలోచించక్కా. వేరేవాడైతే ఈ తప్పు గీతలతో ఎప్పుడో మునిగిపోయేవాడు. కళ్ళకి గంతలు కట్టి నడిపించినట్టే కదా ఇన్నాళ్ళూ బావని! అయినా సగం నిలబెట్టాడు. గంతలు తీసేస్తే ఇంకెంత ఆడతాడు?"

మా ఆయన మొహంలోకి రంగు దిగొచ్చింది. ముందు చెవులకి, తర్వాత బుగ్గలకి. మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేనూ అనుకుంటూనే ఉన్నాను," అన్నాడు గంభీరంగా. "ఈమధ్య మార్కెట్ ఏదో బరువుగా ఉందేంటా అని. గీత చోట గీత పలకట్లేదు. అనుభవం మీద లాక్కొస్తున్నాను. అదీ సంగతి!"

"అబద్ధం!" అన్నాను. "ఎప్పుడన్నారు మీరు ఆ మాట? గౌరవించింది, గౌరవించిందని గంతులేశారు!"

"నీకు మార్కెట్ తెలీదు," అన్నాడు. దయగానే అన్నాడు. తమ్ముడు కూడా నా వైపు అంతే దయగా చూశాడు. గోడకి చెప్పుకున్నా నయం, గోడైతే నా మాట పట్టుకుని ఆయన్నే పొగడదు. వాణ్ణి ఆపడానికి నేను మోసుకొచ్చిన నిజాన్నే వాళ్ళిద్దరూ కలిసి ఎత్తుపీట వేసుకున్నారు, మా ఆయన దాని మీదెక్కి కూర్చున్నాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర అడిగాను. "ముందు ఏదో చెప్పబోయావు కదరా, ఏంటది?"

"ఏం లేదులే అక్కా," అన్నాడు నవ్వుతూ. "ఇప్పుడు అక్కర్లేదు."

మంగళవారం మరదలు షాపుకొచ్చింది. ఈసారి ఫ్రేముల వైపు చూడలేదు.

"ఇచ్చేశాడు వదినా. నిన్న పొద్దున్నే ఇచ్చేశాడు."

నేను ఏదో అనబోయాను. చెయ్యెత్తి ఆపింది. ఆ పిల్ల నన్ను అలా ఆపడం అదే మొదటిసారి.

"శనివారం రాత్రి మీ తమ్ముడు నాతో అన్నాడు, వద్దులే, బావకి నచ్చజెప్పి సూపర్‌వైజర్ పోస్టే తీసుకుంటానని. భయమేసిందట. జేబులో కాయితం నా చేతికే ఇచ్చాడు, చింపెయ్యమని. మీ అక్కయ్య ముందే చింపుదురుగాని, సంతోషిస్తుంది అని నేనే మళ్ళీ జేబులో పెట్టాను. ఆదివారం మీ ఇంటికొచ్చింది వాళ్ళ బావగారికి ఆ మాట చెప్పడానికే."

వెనక గదిలోంచి పెద్దాయన గొంతు వినపడుతూనే ఉంది. ఇది బాగుందా? ఇప్పుడో?

"మీరు ఏం చెప్పారు వదినా?" అంది మరదలు. కోపంగా అడిగితే బాగుండేది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "ఇంటికొచ్చాక మీ తమ్ముడు నిద్రపోలేదు. బావ మామూలు మనిషి కాదు, బావ మామూలు మనిషి కాదు అని ఒకటే జపం."

నిజం చెప్పానమ్మా అన్నాను. తల దించుకుని చెప్పాల్సొచ్చింది ఆ మాట. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ ఒక్కటే దారి మిగిలిందని చెప్పింది. తమ్ముడి మేనేజర్ మంచివాడట. శుక్రవారం దాకా కాయితాన్ని సొరుగులోనే ఉంచుతానన్నాడట. ఆ లోపల మనసు మారి తిరిగొస్తే సూపర్‌వైజర్ పోస్టు వాడిదే. శుక్రవారం దాటితే ఇంకొకరిది.

ఆ వారమంతా తమ్ముడు మా బాల్కనీలో కొత్త కుర్చీలో కూర్చుని వాళ్ళ బావ ఆడుతుంటే చూశాడు. శుక్రవారం వాడి వంతన్నాడు మా ఆయన. పెళ్ళయినప్పటి నుంచీ వాడూ మరదలూ దాచుకున్నదంతా, వాడి పేరున అసలు ఖాతా తెరిపించి అందులో వేయించాడు. "మొదటి దెబ్బ గట్టిగా పడాలి పార్ట్‌నర్" అన్నాడు. ధర గీత దాటి మరీ కిందికి జారితే ఆటని దానంతటదే తెంచేసే ఏర్పాటు మాత్రం పెట్టుకున్నాడు తమ్ముడు. వాడి బ్రేకు అది. అదొక్కటీ నాకు ధైర్యం.

శుక్రవారం పొద్దున్న బోర్డు ముందు నిలబడ్డాను. మార్కర్ పట్టుకున్నాను. సరిచేసిన లెక్క ప్రకారం, అందరూ చూసే రోజు ప్రకారం వేయాలి. నిన్నటి ధరల వైపు చూడనే లేదు. ముందు అంకెలు రోజూ ఉండేవే ఉంచి, చివరి రెండూ నా నోటికొచ్చినవి వేశాను. పీవట్‌కి మా షాపు ఫోన్ నంబర్‌లో చివరివి. పై గీతకి మా ఇంటి నంబర్. కింది గీతకి నా చెప్పుల సైజు.

నా ఉద్దేశం ఒక్కటే. ఓడిపోవాలి వాడు. కొంత పోతుంది, పోనీ. దెబ్బ తగిలితే కళ్ళు తెరుచుకుంటాయి. తిన్నగా కంపెనీకి వెళ్ళి సొరుగులో కాయితం తీసుకుంటాడు. నా చేత్తో పెంచినవాడు నా చేతి వల్లే ఓడిపోవాలని, జీవితంలో ఏనాడూ కోరుకోనంత గట్టిగా కోరుకున్నాను. షాపుకి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదన్నాను.

బాల్కనీ తలుపు దగ్గర నిలబడ్డాను. ధర దిగుతోంది. తెర మీద ఎర్ర కడ్డీలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. తమ్ముడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకి వంగాడు. మా ఆయన బోర్డు వైపు చూసి, తెర వైపు చూసి, వాడి భుజం మీద చెయ్యేశాడు.

"రానీ. రానీ. గీత దాకా రానీ. ఊఁ, కొను!"

కొన్నాడు. ధర గీత మీద నిలబడింది. కొంచెం దాటింది. ఎటు కోరుకుంటున్నానో నాకే తెలియలేదు ఆ క్షణంలో. దిగు, దిగు అని ఒక పక్క, అయ్యో బిడ్డా అని ఒక పక్క. ఇంకొంచెం దిగితే బ్రేకు పడుతుంది. అక్కడ ఆగింది. ఆగి, ఎక్కడం మొదలుపెట్టింది. చూస్తుండగానే పచ్చ కడ్డీ మీద పచ్చ కడ్డీ లేచింది. లోకంలో బ్యాంకులన్నీ కలిసి నా చెప్పుల సైజుని గౌరవించాయి.

"గౌరవించింది బావా!" అని అరిచాడు తమ్ముడు. కుర్చీ వెనక్కి పడిపోయింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా కావలించుకున్నారు. మా ఆయన కళ్ళల్లో నీళ్ళు. అబద్ధపు నీళ్ళు కావవి, అదే నాకు మరీ కష్టంగా ఉంది. ఆయన ఎవరినీ మోసం చేయట్లేదు. మోసగాడైతే ఎక్కడో ఒకచోట దొరికిపోయేవాడు.

తమ్ముడి ఫోన్ మోగింది. మేనేజర్. వాడు గొంతు సర్దుకుని, నిటారుగా నిలబడి మాట్లాడాడు. ఆ కంపెనీలో అంత నిటారుగా వాడు ఎప్పుడూ నిలబడి ఉండడు.

"లేద్సార్. రాను సార్. బాగా ఆలోచించుకున్నాను. ఆ పోస్టు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి సార్. చాలా థాంక్స్ సార్."

ఫోన్ జేబులో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. గ్రీజు వాసన లేదు ఆ చేతులకి. వారానికే వదిలిపోయింది.

"అక్కా, నేను గీతల్లో ఏమీ లేదన్నాను చూడు, తప్పు. కొంత బావలో ఉంది, కొంత నీ చేతిలో ఉంది. ఇవాళ గీత ఎంత కచ్చితంగా పడిందో చూశావా? నీ చెయ్యి మామూలు చెయ్యి కాదు. మా ఆవిడకి కూడా నేర్పు. ఆ పిల్లల ముక్కులు తుడిచే ఉద్యోగం ఎందుకు దానికి? మానేసి వచ్చేస్తుంది. నలుగురం కూర్చుందాం."

వాడి వెనక బోర్డు మీద నా ఇంటి నంబరూ, షాపు నంబరూ, చెప్పుల సైజూ వరసగా ఉన్నాయి. ఒరేయ్, అవి గీతలు కావురా, నేను నోటికొచ్చింది రాశానురా అని చెప్పడానికి నోరు తెరిచాను. వాడు కళ్ళింత చేసుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. నేను చెప్తే మంచినీళ్ళు కూడా మానేసే పిల్లాడు. పోయినసారి ఒక నిజం చెప్తే ఉద్యోగం మానేశాడు. ఈ నిజం విని ఏం మానేస్తాడో, నాలో ఏ దేవతని చూస్తాడో! నాకు మరదలి భుజం మీది పాల మరక గుర్తొచ్చింది.

"ఏంటక్కా, ఏదో అనబోయావు?"

"ఏం లేదులేరా," అన్నాను. "ఇప్పుడు అక్కర్లేదు."